సిమెంటు సెట్ అయ్యే సమయం: వికాట్ సూదితో ప్రయోగశాలలో కొలిచే విధానం

సిమెంటులో నీళ్లు పడిన క్షణం నుంచి గడువు మొదలైనట్టే. కలపడం, మోయడం, పోయడం, కుదించడం, పైభాగం చదును చేయడం అన్నీ ముద్ద మెత్తగా ఉన్నంతలోనే పూర్తి కావాలి. మరీ త్వరగా బిగిస్తే పని మధ్యలోనే చెడిపోతుంది. మరీ ఆలస్యంగా బిగిస్తే తర్వాత జరగాల్సిన పనులన్నీ వెనకబడతాయి. అందుకే ప్రతి సిమెంటుకూ రెండు సమయాలు కొలుస్తారు. ముద్ద తన మెత్తదనాన్ని కోల్పోవడం మొదలయ్యే వరకు పట్టేది తొలి సెట్టింగ్ సమయం. ఇక ఆకారం మార్చడానికి వీల్లేనంతగా బిగిసే వరకు పట్టేది తుది సెట్టింగ్ సమయం.

నిజానికి ముద్దలో అలాంటి రెండు గీతలేవీ ఉండవు. అది నీళ్లు తగిలిన దగ్గర నుంచి కొద్దికొద్దిగా, ఎక్కడా ఆగకుండా బిగుసుకుంటూ పోతుంది. 300 గ్రాముల బరువు కింద, 1 చదరపు మిల్లీమీటరు కొన ఉన్న సూది ఫలానా లోతు వరకు దిగలేకపోతే దాన్ని తొలి సెట్టింగ్ అనుకుందామని మనుషులు ఒప్పందం చేసుకున్నారు. ఒప్పందం మీద నిలబడిన కొలత కాబట్టి దాని షరతులన్నీ పాటిస్తేనే వచ్చిన అంకెకు విలువ ఉంటుంది. నీళ్లు రెండు మూడు గ్రాములు ఎక్కువ పడినా, గది నాలుగు డిగ్రీలు వేడెక్కినా కాగితం మీద రాసే సమయం సిమెంటు గుణాన్ని చెప్పదు, పరీక్ష చేసిన చేతి గుణాన్ని చెబుతుంది. కింద చెప్పిన ప్రతి జాగ్రత్త వెనకా ఉన్న కారణం ఇదే.

ఈ సూది పరికరానికి ఫ్రెంచ్ ఇంజినీరు లూయీ వికాట్ (1786–1861) పేరు పెట్టారు. నీటిలో కూడా గట్టిపడే సున్నాల మీద ఆయన చేసిన పరిశోధన ఆధునిక సిమెంటుకు దారి వేసింది. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయనదీ ఒకటి. ఆనాటి పరికరం రూపురేఖలు పెద్దగా మారకుండానే ఈనాటికీ ప్రయోగశాల బల్లల మీద ఉన్నాయి.

ముద్ద లోపల జరిగేది

పోర్ట్‌లాండ్ సిమెంటు క్లింకర్‌లో (కొలిమిలో కాల్చగా వచ్చే గట్టి ఉండల్లో; వీటిని నూరితేనే సిమెంటు) ప్రధాన సమ్మేళనాలు నాలుగు. సెట్టింగ్ విషయంలో వాటిలో రెండింటిని తెలుసుకుంటే చాలు. ట్రైకాల్షియం అల్యూమినేట్ నీళ్లు తగలగానే చురుగ్గా స్పందిస్తుంది. దాన్ని అదుపు చేయకపోతే కొన్ని నిమిషాల్లోనే ముద్ద వేడెక్కి రాయిలా బిగుస్తుంది. ఆ అదుపు కోసమే క్లింకర్‌తో పాటు కొద్దిగా జిప్సం కలిపి పొడి చేస్తారు. జిప్సంలోని సల్ఫేటు అల్యూమినేట్‌తో కలిసి ఎట్రింగైట్ అనే పదార్థంగా మారుతుంది. దాంతో అల్యూమినేట్ దూకుడు తగ్గుతుంది.

ఆ తర్వాత కొంతసేపు ముద్దలో పైకి ఏ మార్పూ కనిపించదు. గంటో రెండు గంటలో గడిచాక ట్రైకాల్షియం సిలికేట్ చర్య ఊపందుకుంటుంది. రేణువు నుంచి రేణువుకు జెల్ వంతెనలు ఏర్పడతాయి. మన సూదికి మొదట తగిలే ప్రతిఘటన ఈ వంతెనలదే. తుది సెట్టింగ్ నాటికి వంతెనలు బలపడి ముద్ద ఒక ఘనపదార్థంలా నిలుస్తుంది. అయితే సెట్ కావడం వేరు, బలం రావడం వేరు. తుది సెట్టింగ్ అయిన ముద్దను చేత్తో విరిచేయవచ్చు. బలాన్ని 3, 7, 28 రోజుల వయసులో ఘనాలను నలగ్గొట్టి విడిగా కొలుస్తారు. ఈ రెండింటినీ కలిపేసి ‘త్వరగా సెట్ అయింది కాబట్టి బలమైన సిమెంటు’ అనుకోవడం చాలామందిలో కనిపించే అపోహ.

గది, నమూనా, పరికరాలు

ఇక్కడ వివరించే పద్ధతి భారత ప్రమాణం ఐఎస్ 4031 నాలుగు, ఐదు భాగాలది (1988). ఇతర ప్రమాణాల్లో మారే అంశాలను తర్వాత చెబుతాను.

పరీక్ష జరిగే గది, పొడి సిమెంటు, కలిపే నీరు మూడూ 27 ± 2 డిగ్రీల సెల్సియస్‌లో ఉండాలి. గదిలో సాపేక్ష తేమ 65 ± 5 శాతం. అచ్చులో నింపిన ముద్దను ఉంచే తేమ పెట్టెలో ఉష్ణోగ్రత అంతే ఉండాలి, తేమ మాత్రం 90 శాతానికి తగ్గకూడదు. చాలా చోట్ల గది ఉష్ణోగ్రత ఒక్కటి చూసి సరిపెడతారు. గోదాములో వేడెక్కిన సిమెంటును, కుళాయి నుంచి పట్టిన చల్లటి నీటిని అప్పటికప్పుడు కలిపితే గది 27 డిగ్రీలు ఉన్నా ముద్ద 27 ఉండదు. గాలి చొరని డబ్బాలో సిమెంటునూ, మూత పెట్టిన సీసాలో నీటినీ ముందురోజు సాయంత్రమే అదే గదిలో పెట్టండి. ఖర్చు లేని ఈ ఒక్క అలవాటు ఫలితాల్లోని చెదురును ఎంతో తగ్గిస్తుంది.

నమూనా ఒకే బస్తా పైపొరది కాకుండా, సరుకు మొత్తానికి ప్రాతినిధ్యం వహించేలా తీసుకుని బాగా కలపాలి. గడ్డలు కనిపిస్తే 850 మైక్రాన్ల జల్లెడ పట్టి, గడ్డలున్న సంగతిని రికార్డులో రాయాలి. వేళ్ల మధ్య నలగని గడ్డలుంటే ఆ సిమెంటుకు అప్పటికే తేమ తగిలిందని అర్థం. దాని సెట్టింగ్ సమయం తాజా సిమెంటుకు వచ్చినట్టు రాదు.

నీరు శుద్ధజలమైతే మంచిది. నీటిలో కరిగిన లవణాలు కొన్ని సెట్టింగ్‌ను తొందరపెడతాయి, చక్కెర వంటి సేంద్రియ పదార్థాలు చాలా కొద్దిగా ఉన్నా విపరీతంగా ఆలస్యం చేస్తాయి. నీటిని కొలజాడీతో కాకుండా త్రాసు మీద తూచడం నా సలహా. జాడీలో నీటిమట్టం చదవడంలో వచ్చే పొరపాటు, ఒంపాక గోడలకు అంటుకుని మిగిలే చుక్కలు రెండూ తప్పిపోతాయి.

వికాట్ పరికరంలో నిలువు చట్రం, అందులో పైకీ కిందికీ జారే కడ్డీ, లోతు చూపే కొలబద్ద ఉంటాయి. కడ్డీ, దానికి బిగించిన కొన కలిపి 300 గ్రాములు తూగాలి. కొనలు మూడు రకాలు. ముద్ద చిక్కదనం చూడటానికి 10 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. పొడవు ఉన్న ప్లంజర్ అనే లావుపాటి కొన. తొలి సెట్టింగ్‌కు 1 చదరపు మి.మీ. అడ్డుకోత ఉన్న సూది (గుండ్రటిదైతే వ్యాసం 1.13 మి.మీ.). తుది సెట్టింగ్‌కు 5 మి.మీ. వ్యాసం గల లోహపు వలయం తొడిగిన సూది. ఈ మూడోదానిలో సూది మొన వలయం అంచు కన్నా అర మిల్లీమీటరు మాత్రమే ముందుకు పొడుచుకుని ఉంటుంది. వీటికి తోడు 40 మి.మీ. ఎత్తున్న అచ్చు, దాని కింద నీరు పీల్చని గాజు పలక, సుమారు 210 గ్రాముల తూకమున్న చిన్న తాపీ, స్టాప్‌వాచ్, చేతి తొడుగులు కావాలి. తడి సిమెంటు తీవ్రమైన క్షారం, చర్మాన్ని తినేస్తుంది. తొడుగులు లేకుండా ముద్ద కలపవద్దు. పొడి తూచేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

పని మొదలుపెట్టే ముందు పరికరాన్ని ఒకసారి పరీక్షించాలి. కడ్డీని పైకెత్తి వదిలితే ఎక్కడా పట్టేయకుండా జారాలి. ఎండిన సిమెంటు పొర ఒకటి కడ్డీకి అంటుకుని ఉన్నా రాపిడి పెరుగుతుంది. అప్పుడు సూది లోతు దిగక, ముద్ద ఇంకా మెత్తగా ఉండగానే సెట్ అయిందని చెబుతుంది. సూదిని కంటికి ఎదురుగా పట్టుకుని వంపు ఉందేమో చూడండి. మొన బల్లపరుపుగా ఉండాలి, అరిగి గుండ్రంగా మారితే తేలిగ్గా దిగిపోతుంది కాబట్టి మార్చేయాలి. చివరగా కొనను గాజు పలకకు ఆనించి కొలబద్ద సున్నా చూపేలా సరిచేయాలి. ప్లంజర్ తీసి సూది బిగించిన ప్రతిసారీ ఈ సున్నాను మళ్లీ చూడాల్సిందే.

ముందుగా నీళ్ల లెక్క: ప్రామాణిక చిక్కదనం

ఏ సిమెంటుకు ఎన్ని నీళ్లు కలిపి సెట్టింగ్ చూడాలన్నది ఊహించి తేల్చేది కాదు. మెత్తగా నూరిన సిమెంటుకు ఎక్కువ నీళ్లు కావాలి, ముతకదానికి తక్కువ చాలు. అందుకే అన్ని సిమెంటులనూ ఒకే చిక్కదనానికి తెచ్చే నీటి శాతాన్ని ముందు కనుక్కుంటారు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది ఎక్కువగా 26 నుంచి 33 శాతం మధ్య ఉంటుంది.

1. 400 గ్రాముల సిమెంటు తూచి గాజు పలక మీద గానీ నీరు పీల్చని పళ్లెంలో గానీ పోసి, మధ్యలో గుంట చేయండి. మొదటి ప్రయత్నానికి 28 శాతం, అంటే 112 గ్రాముల నీరు తూచుకోండి.

2. నీరంతా గుంటలో ఒకేసారి పోసి స్టాప్‌వాచ్ నొక్కండి. అంచుల్లోని పొడిని తాపీతో లోపలికి తోసి, నీరు పీల్చుకున్నాక ముద్దను నొక్కుతూ, మడుస్తూ కలపండి. నీళ్లు పోసినప్పటి నుంచి అచ్చు నింపడం మొదలుపెట్టే వరకు 3 నిమిషాలకు తగ్గకూడదు, 5 నిమిషాలు మించకూడదు. తక్కువ కలిపితే లోపల పొడి ఉండలు మిగులుతాయి. ఎక్కువసేపు కలిపితే అప్పుడే ఏర్పడుతున్న నిర్మాణం చెదిరిపోతుంది.

3. గాజు పలక మీద అచ్చు పెట్టి ముద్దను నింపండి. అచ్చును స్వల్పంగా కుదిపి గాలి బయటికి పోనివ్వండి. అంచు కన్నా పైకి ఉన్న ముద్దను తాపీతో ఒక్క ఊపులో గీసేయండి. చదునుగా రాలేదని పదేపదే రుద్దితే పైకి నీరు తేలుతుంది, కింది ముద్ద అణిగిపోతుంది.

4. ప్లంజర్‌ను ముద్ద ఉపరితలానికి సున్నితంగా ఆనించి, వెంటనే వదిలేయండి. చేత్తో నెట్టకూడదు, పై ఎత్తు నుంచి జారవిడవకూడదు. ప్లంజర్ ఆగిన చోట కొలబద్ద చదవండి.

5. ప్లంజర్ కొన అచ్చు అడుగుకు 5 నుంచి 7 మి.మీ. ఎత్తులో ఆగితే ఆ నీటి శాతమే ప్రామాణిక చిక్కదనం. లేకపోతే నీటి పరిమాణం మార్చి మళ్లీ చేయాలి.

మళ్లీ చేయడమంటే పూర్తిగా కొత్త సిమెంటుతో. పాత ముద్దకే కాసిన్ని నీళ్లు చిలకరించి చూడటం అప్పుడప్పుడూ జరిగే పని, కానీ అది బొత్తిగా తప్పు. ఆ ముద్దలో చర్య అప్పటికే మొదలైపోయింది, నీళ్లు పోసిన క్షణం కూడా ఒకటి కాదు రెండయ్యాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 28 శాతంతో ప్లంజర్ అడుగుకు 12 మి.మీ. ఎత్తులో ఆగింది, ముద్ద ఇంకా బిరుసుగా ఉంది. 29 శాతంతో 8 మి.మీ. దగ్గర ఆగింది. 29.5 శాతంతో, అంటే 118 గ్రాముల నీటితో 6 మి.మీ. వచ్చింది. ఈ సిమెంటు ప్రామాణిక చిక్కదనం 29.5 శాతం. లక్ష్యానికి దగ్గరయ్యే కొద్దీ ఒక్కో శాతం చొప్పున కాకుండా అర శాతం చొప్పున పెంచాలని ఇది చెబుతోంది. 8 మి.మీ. చూసి ‘దగ్గరగానే ఉందిలే’ అని ఊరుకుంటే ఆ లోటు రేపటి సెట్టింగ్ సమయంలో తేలుతుంది.

అసలు పరీక్ష

సెట్టింగ్ ముద్దకు వాడే నీరు, ప్రామాణిక చిక్కదనానికి పట్టిన నీటిలో 0.85 వంతు. పై ఉదాహరణలో 118 గ్రాములను 0.85తో గుణిస్తే 100.3 గ్రాములు. ఈ 0.85ను మరిచిపోయి పూర్తి నీటితో కలపడం కొత్తగా చేరినవారు ఎక్కువగా చేసే పొరపాటు. ముద్ద పలచబడి రెండు సమయాలూ సాగిపోతాయి. ఫలితం పరిమితుల్లోనే ఉంటుంది కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ అనుమానం రాదు. అందుకే లెక్క కట్టిన నీటి బరువును పరీక్షకు ముందే రికార్డులో రాసి, ఇంకొకరితో సరిచూపించుకోవడం మంచి పద్ధతి.

400 గ్రాముల తాజా సిమెంటులో ఈ నీరు పోసిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కండి. గోడ గడియారంలోని సమయాన్ని కూడా రాసి పెట్టుకోండి. గంటల తరబడి సాగే పరీక్షలో స్టాప్‌వాచ్ ఆగిపోతే అదే ఆధారం. 3 నుంచి 5 నిమిషాలు కలిపి, ముందు చెప్పినట్టే అచ్చు నింపి, పైభాగం చదును చేసి తేమ పెట్టెలో పెట్టండి. ముద్ద ఈసారి కాస్త బిరుసుగా ఉంటుంది కాబట్టి అచ్చు మూలల్లో ఖాళీలు మిగలకుండా జాగ్రత్తగా నింపాలి. సూది ఒక గాలి బుడగలోకి దిగితే ఆ లోతుకు అర్థం లేదు.

ఇప్పుడు ప్లంజర్ తీసి సూది బిగించి, సున్నా సరిచూసుకోండి. నీళ్లు పోసిన సుమారు అరగంటకు తొలి పోటు వేయవచ్చు. సూదిని ఉపరితలానికి తగిలీ తగలనట్టు ఆనించి వదిలేయాలి. మొదటి గంటలో అది నేరుగా అడుగు గాజుదాకా వెళ్లి టక్కున తగులుతుంది. అప్పుడు సూది దెబ్బతినకుండా కడ్డీని వేళ్లతో కాస్త ఆపుతూ దించవచ్చు. అయితే సూది అడుగుకు చేరడం మానేసిన తర్వాత మాత్రం పూర్తిగా వదిలేయాల్సిందే. సమయాన్ని నిర్ణయించే పోటు ఎప్పుడూ స్వేచ్ఛగా పడిందే అయి ఉండాలి.

ప్రతి పోటు తర్వాత సూదిని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. సూదికి అంటుకున్న పలుచని పొర తర్వాతి పోటులో రాపిడి పెంచుతుంది. పాత రంధ్రానికి 5 మి.మీ. లోపు, అచ్చు గోడకు 10 మి.మీ. లోపు మళ్లీ పోటు వేయవద్దు. చేతికి వచ్చిన చోటల్లా గుచ్చితే చివరి అరగంటకు, అంటే అసలు అవసరమైన సమయానికి చోటే మిగలదు. కేంద్రం నుంచి చుట్టలా బయటికి వెళ్లినా, వరుసలుగా గుచ్చినా ఒక క్రమం పెట్టుకోవడం మేలు. పోటుకూ పోటుకూ మధ్య అచ్చును తేమ పెట్టెలోనే ఉంచాలి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు కుదుపు తగలనివ్వకూడదు.

మొదట్లో పావుగంటకోసారి చూస్తే చాలు. సూది అడుగుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల పైన ఆగడం మొదలయ్యాక ఐదేసి నిమిషాలకు చూడాలి. అక్కడి నుంచి మార్పు వేగంగా వస్తుంది. సూది అడుగు నుంచి 5 ± 0.5 మి.మీ. కన్నా కిందికి దిగలేని సమయమే తొలి సెట్టింగ్.

రికార్డు ఇలా ఉంటుందని ఊహించండి. నీళ్లు పోసింది 9:30కు. 11:00 దాకా సూది అడుగుకు తగిలింది. 11:30కు అడుగు నుంచి 1 మి.మీ., 11:45కు 2.5 మి.మీ., 11:55కు 4 మి.మీ., 12:00కు 5 మి.మీ. తొలి సెట్టింగ్ సమయం 150 నిమిషాలు. మరో ఐదు నిమిషాలకు ఇంకో పోటు వేసి, సూది అంతకన్నా పైనే ఆగిందని నిర్ధారించుకుంటే మనసు నెమ్మదిస్తుంది. అలాకాక మళ్లీ లోతుకు దిగితే 12:00 నాటి పోటు ఏదో ముతక రేణువు మీద పడి ఉంటుంది.

తుది సెట్టింగ్ కోసం వలయం ఉన్న సూదిని బిగించండి. ఇక్కడ చూడాల్సింది లోతు కాదు, గుర్తు. ముద్ద ఇంకా మెత్తగా ఉన్నంతసేపూ ఉపరితలం మీద ఒక చిన్న చుక్క, దాని చుట్టూ వలయం అచ్చు రెండూ పడతాయి. బిగుసుకునే కొద్దీ వలయం గీత పలచబడి, ముందు ఒక పక్క చెరిగి, చివరికి పూర్తిగా కనిపించకుండా పోతుంది. సూది చుక్క మాత్రమే పడి, వలయం గుర్తు పడని తొలి సమయమే తుది సెట్టింగ్. దీపాన్ని పక్క నుంచి వాలుగా వేసి చూడండి. నెత్తి మీది వెలుతురులో కనిపించని సన్నని గీత ఏటవాలు వెలుతురులో నీడతో సహా తెలిసిపోతుంది. పై ఉదాహరణలో 13:50కు వలయం సగం గీత పడి, 14:05కు చుక్క ఒక్కటే పడితే తుది సమయం 275 నిమిషాలు.

ఉపరితలం మీద తెల్లటి నురుగులాంటి పొర తేలి ఉంటే అక్కడ పడే గుర్తును నమ్మకూడదు. ఆ పొర కింది ముద్ద కన్నా మెత్తగా ఉండి సమయాన్ని సాగదీస్తుంది. అప్పుడు అచ్చును తిరగేసి అడుగు ముఖం మీద పరీక్షించమని ప్రమాణమే చెబుతోంది.

వేరే ప్రమాణాలతో పోల్చేటప్పుడు

పరికరం అదే అయినా ప్రమాణం మారితే గీత మారుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 196-3లో ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, సిమెంటు 500 గ్రాములు, నీరు ప్రామాణిక చిక్కదనానికి పట్టినంతా వాడతారు, 0.85 అన్నది లేదు. అడుగు నుంచి 6 ± 3 మి.మీ. దగ్గర సూది ఆగితే తొలి సెట్టింగ్. తిరగేసిన అచ్చులో సూది అర మిల్లీమీటరు మాత్రమే దిగితే తుది సెట్టింగ్.

అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సి191లో సిమెంటు 650 గ్రాములు, ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. లోతును పైనుంచి కొలుస్తారు. 30 సెకన్లలో సూది 25 మి.మీ. దిగే సమయం తొలి సెట్టింగ్. కచ్చితంగా 25 మి.మీ. పడే వరకు కాచుకోనక్కర్లేదు, రెండు పోట్ల మధ్య లెక్క కట్టవచ్చు. 105వ నిమిషంలో 31 మి.మీ., 120వ నిమిషంలో 22 మి.మీ. దిగిందనుకోండి. పదిహేను నిమిషాల్లో లోతు 9 మి.మీ. తగ్గింది. 31 నుంచి 25కు రావడానికి తగ్గాల్సింది 6 మి.మీ. కాబట్టి 10 నిమిషాలు పడుతుంది, తొలి సెట్టింగ్ 115 నిమిషాలు.

అదే దేశంలో గిల్‌మోర్ సూదుల పద్ధతి కూడా ఉంది. 113.4 గ్రాముల బరువు, 2.12 మి.మీ. వ్యాసం ఉన్న సూది తొలి సమయానికి, 453.6 గ్రాముల బరువు, 1.06 మి.మీ. వ్యాసం ఉన్నది తుది సమయానికి. ముద్దతో చేసిన బిళ్ల మీద సూది చెప్పుకోదగ్గ గుర్తు వేయకపోతే ఆ సమయం వచ్చినట్టు. వికాట్ అంకెనూ గిల్‌మోర్ అంకెనూ పక్కపక్కన పెట్టి ఏది ‘నిజం’ అని అడగడంలో అర్థం లేదు. రెండు ప్రయోగశాలల ఫలితాలు కలవనప్పుడు మొట్టమొదట అడగాల్సింది ఏ ప్రమాణం, ఏ ఉష్ణోగ్రత, ఎంత నీరు అని.

పరిమితులు కూడా ప్రమాణాన్ని బట్టే ఉంటాయి. భారత ప్రమాణం ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు తొలి సెట్టింగ్ 30 నిమిషాలకు తగ్గకూడదు, తుది సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు. తక్కువ వేడిమి సిమెంటుకు తొలి పరిమితి 60 నిమిషాలు. యూరప్‌లో బలాన్ని బట్టి విడదీసిన తరగతుల్లో 32.5 తరగతికి 75, 42.5 తరగతికి 60, 52.5 తరగతికి 45 నిమిషాలు. అమెరికా ప్రమాణం వికాట్ తొలి సమయం 45 నుంచి 375 నిమిషాల మధ్య ఉండాలంటుంది.

ముద్ద అనుమానాస్పదంగా బిగిసినప్పుడు

కలుపుతుండగానో, కలిపిన కొద్ది నిమిషాలకో ముద్ద ఉన్నట్టుండి బిరుసెక్కితే వెంటనే పారేయకండి. రెండు కారణాలు ఉండవచ్చు, వాటిని వేరుచేయడం తేలికే.

మొదటిది దొంగ సెట్టింగ్. సిమెంటు మిల్లులో నూరేటప్పుడు వేడి ఎక్కువైతే జిప్సం తనలోని నీటిని కొంత కోల్పోయి ప్లాస్టర్‌గా మారుతుంది. నీళ్లు తగలగానే ఆ ప్లాస్టర్ మళ్లీ జిప్సం స్ఫటికాలుగా అల్లుకుని ముద్దను బిగిస్తుంది. వేడి మాత్రం పెద్దగా పుట్టదు. కొత్తగా నీళ్లు పోయకుండా గట్టిగా కలిపితే ఆ అల్లిక తెగి ముద్ద మళ్లీ మెత్తబడుతుంది, ఆ తర్వాత మామూలుగానే సెట్ అవుతుంది.

రెండోది మెరుపు సెట్టింగ్. సల్ఫేటు చాలక అల్యూమినేట్ అదుపు తప్పినప్పుడు వచ్చేది. ముద్ద చేతికి వేడిగా తగులుతుంది, ఎంత కలిపినా మెత్తబడదు. ఇలాంటి సిమెంటు నిజంగానే పనికిరాదు.

దొంగ సెట్టింగ్‌ను అంకెల్లో చెప్పే పరీక్ష కూడా ఉంది. ముద్ద కలపడం పూర్తయిన 20 సెకన్లకు ప్లంజర్ దిగిన లోతును, 5 నిమిషాలకు దిగిన లోతుతో పోలుస్తారు. రెండోది మొదటిదానిలో 50 శాతానికి తగ్గితే దొంగ సెట్టింగ్ ఉన్నట్టు. అలాంటి సిమెంటుకు భారత ప్రమాణం ప్రకారం ఆ బిగింపును కలిపి విరగ్గొట్టాక తొలి, తుది సమయాలు కొలవాలి, అవి మామూలు పరిమితులకే లోబడాలి. ఈ సంగతి తెలియక ఎన్నో మంచి సరుకులు తిరస్కరణకు గురవుతాయి.

ఫలితం ఊహించనట్టు వచ్చినప్పుడు సిమెంటును నిందించే ముందు గదిని శోధించడం న్యాయం. సమయం తగ్గితే గది లేదా సిమెంటు వేడెక్కిందా, తేమ పెట్టెలో నీరు ఎండిపోయి ముద్ద పైపొర ఆరిందా, కడ్డీ పట్టేస్తోందా, నీరు తక్కువ తూగిందా చూడండి. ముందటి ముద్ద తాలూకు గట్టిపడిన తునకలు పళ్లెంలో మిగిలి కొత్త ముద్దలో కలిసినా సెట్టింగ్ త్వరపడుతుంది. సమయం పెరిగితే గది చల్లబడిందా, నీరు ఎక్కువైందా, అచ్చుకు పూసిన నూనె ముద్దలోకి దిగిందా, బల్ల మీద పక్కన ఏదైనా యంత్రం కంపిస్తోందా చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండి రెండోసారీ అదే అంకె వస్తే అప్పుడు అది సిమెంటు మాటే.

నివేదికలో ఏం ఉండాలి

రెండు సమయాలనూ దగ్గరి 5 నిమిషాలకు సవరించి రాయాలి. 152 అని రాస్తే ఎక్కువ కచ్చితంగా కొలిచినట్టు కనిపిస్తుంది, కానీ ఐదు నిమిషాలకోసారి గుచ్చిన సూదికి ఆ రెండు నిమిషాలు తెలియవు. వాటి పక్కన ప్రమాణం పేరు, ప్రామాణిక చిక్కదనం శాతం, వాడిన నీటి బరువు, గది ఉష్ణోగ్రత, తేమ, నమూనా తీసిన తేదీ, పరీక్ష తేదీ ఉండాలి. సిమెంటు వయసు పెరిగే కొద్దీ సెట్టింగ్ మారుతుంది కాబట్టి చివరి రెండు తేదీల మధ్య దూరం చదివేవారికి చాలా చెబుతుంది. తేడా వస్తే మళ్లీ పరీక్షించడానికి అదే నమూనాలో కొంత భాగాన్ని గాలి చొరని డబ్బాలో దాచి ఉంచాలి.

పని అయ్యాక మిగిలిన ముద్దను తొట్టిలో కడిగేయవద్దు. అది గొట్టంలోనూ సెట్ అవుతుంది. గట్టిపడనిచ్చి చెత్తలో వేయాలి. అచ్చును, సూదిని, కడ్డీని అదే రోజు శుభ్రం చేసి తుడిచి పెట్టాలి.

ఈ అంకెలను నేరుగా కాంక్రీటు పనికి వర్తింపజేయకూడదు. కాంక్రీటులో నీటి పాళ్లు వేరు, రసాయన మిశ్రమాలు ఉంటాయి, పెద్ద దిమ్మెలో పుట్టే వేడి వేరు, ఎండ, గాలి వేరు. కాంక్రీటు ఎప్పుడు సెట్ అవుతుందో కావాలంటే దానికి వేరే పరీక్ష ఉంది. తాజా కాంక్రీటును 4.75 మి.మీ. జల్లెడ పట్టి కంకర తీసేసిన మోర్టారులో వివిధ వైశాల్యాలున్న సూదులను 25 మి.మీ. లోతుకు నొక్కి, పట్టిన బలాన్ని కొలుస్తారు. ఏఎస్‌టీఎం సి403 ప్రకారం ప్రతిఘటన 3.5 మెగాపాస్కల్‌కు చేరితే తొలి సెట్టింగ్, 27.6 మెగాపాస్కల్‌కు చేరితే తుది సెట్టింగ్. పోత మధ్యలో ఆపితే పాత పొర మీద కొత్త పొర కలిసిపోతుందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం వెతకాల్సింది ఆ పరీక్షలో. వికాట్ సూది చెప్పేది గోదాములోకి వచ్చిన ఈ సరుకు తన ప్రమాణానికి తగ్గట్టు ఉందా, గత నెల వచ్చినదానికీ దీనికీ తేడా ఏమైనా ఉందా అన్నంతవరకే.